మేనల్లుడికి చిరునామాలిచ్చిన పోస్టుమేన్

ఉద్దానంలో ఒక మనిషి ఇల్లు కనుక్కోవడం కన్నా తిరునాళ్లలో పోగొట్టుకున్న చెప్పు కనుక్కోవడం సులువు. పలాసలో రైలు దిగి, కాశీబుగ్గ బస్టాండులో మందస బస్సెక్కి, మందసలో ఆటో పట్టుకుని సముద్రం వైపు పోతే కొబ్బరితోటల నడుమ ఒక ఊరొస్తుంది. అక్కడ దిగి, బైరాగి ఇల్లెక్కడని సాక్షాత్తూ బైరాగినే అడిగినా చెప్పడు. ముందు మీదే ఊరంటాడు. ఎవరి తాలూకంటాడు. ఎవరు పంపారంటాడు, ఏం పనంటాడు. ఈలోగా ఎవరో బొండం కొట్టి చేతికిస్తారు. మర్యాద మర్యాదే, ఇల్లు మాత్రం చెప్పరు. వచ్చినవాడు బ్యాంకు మనిషో, కోర్టు అమీనో, పెళ్లి సంబంధం గురించి గుట్టుగా ఆరా తీసేవాడో తేలేదాకా ఆ ఊళ్లో బైరాగి అనే మనిషి పుట్టనే లేదు. దేశంలో చాలాచోట్ల దారి అడిగితే తెలియకపోయినా చెబుతారు. ఇక్కడ తెలిసినా చెప్పరు. ఈ రెండింటిలో ఏది నాగరికతో తేల్చడం పెద్దపెద్ద గ్రంథాల వల్ల కూడా కాలేదు.

ఈ కట్టుబాటుకి ఊరు మొత్తం మీద ఒక్కడే మినహాయింపు. పోస్టుమేన్ కూర్మారావు. అతనికి అన్ని ఇళ్లూ తెలుసు, తెలియాలి కూడా. అందుకని అతని నోటికి కట్టుబాటు ఇంకా ఎక్కువ. సైకిల్ మీద తోటల్లో తిరిగిన ఉద్యోగకాలమంతా ఒక్క పరాయివాడికి కూడా ఒక్క గుమ్మం చూపించిన పాపాన పోలేదు. మరో గొప్ప కూడా ఉండేది. సగం చిరునామాతో వచ్చిన ఉత్తరాన్ని వెనక్కి పంపేవాడు కాదు. "కన్నమ్మ, కొబ్బరితోట, ఉద్దానం" అని మాత్రమే రాసి ఉన్నా, దస్తూరి చూసి, ముద్ర చూసి, ఏ కన్నమ్మ కొడుకు ఎక్కడ పనికెళ్లాడో ఆలోచించి, తక్కిన సగం తనే పూరించుకుని చేర్చేసేవాడు. ఈ రెండో గొప్పే తరవాత అతని కొంప ముంచింది.

తిత్లీ తుఫాను చెట్లన్నింటినీ పడుకోబెట్టిన తరవాత ఆ వైపు ఒక వ్యవసాయాధికారి వచ్చాడు. పాతకాలపు నమ్మకాలు గల మనిషి. వాట్సాప్‌లో రాసింది సాయంత్రానికి కొట్టుకుపోతుందనీ, మెయిలులో రాసింది నిలుస్తుందనీ అనేవాడు. కొబ్బరి రైతులకి ఒక మెయిలింగ్ లిస్టు పెట్టాడు. ఒకరు రాస్తే అందరికీ వెళుతుంది. రాసిన ప్రతి ఉత్తరమూ ఇంటర్నెట్‌లో ఒకచోట పేరుకుంటుంది, ఎవరైనా ఎప్పుడైనా చదువుకోవచ్చు. దాచిన విద్య చెదలు పడుతుందని ఆయన సిద్ధాంతం. రైతులకి మెయిలు అడ్రసులెక్కడివంటే, ఫోను కొన్నరోజునే కొట్టువాడు తగిలించి పంపిస్తాడు. చాలామందికి తమకొకటి ఉందని అప్పటిదాకా తెలియదు. ఆయనకి బదిలీ అయినప్పుడు లిస్టు ఎవరికప్పగించాలా అని చూసి, ఉత్తరాల పని కనుక రిటైరైన పోస్టుమేనుకే అప్పగించి వెళ్లిపోయాడు.

కూర్మారావు దాన్ని సైకిల్లాగే చూసుకున్నాడు. రోజూ తుడిచేవాడు. తెల్లదోమ పట్టి మట్టలు నల్లబడితే గంజి కొట్టమని పెద్దతల్లి రాసిన ఉత్తరానికి కవిటి నుంచీ సోంపేట నుంచీ జవాబులొచ్చాయి. పెద్దతల్లి అతనికి వరసకి వదిన. సొంతంగా తోట చేయించుకునే విధవరాలు, నోరు కూడా సొంతమే. ఉత్తరం తను చెబితే మనవరాలు టైపు చేసేది. తన గంజి గురించి పైవూళ్లవాళ్లు అడుగుతున్నారని ఆమె కొన్నాళ్లు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి నడిచింది.

అప్పుడు మొదలయ్యాయి చెత్త ఉత్తరాలు. పెద్దతల్లికి పొట్ట తగ్గించుకోమని వచ్చింది. ఎవరో పని గట్టుకుని తన పొట్ట సంగతి పైదేశం దాకా చేరవేశారని ఆమె ఆడపడుచుతో మాట్లాడటం మానేసింది. బైరాగికి ఏదో దేశపు సేనాపతి భార్య, భర్త పోయి ఒంటరిదాన్నయ్యానని రాసింది. బైరాగి జాలిపడి, మీ ఆయన పోయినందుకు విచారం, మీ వైపు కొబ్బరికి తెల్లదోమ ఉందా అని జవాబు రాయించాడు. ఆమె వెంటనే చాలా ఆప్యాయంగా తిరుగు ఉత్తరం రాసింది. అది బైరాగి భార్య కంటపడింది. ఆ రోజు నుంచి బైరాగి కంచంలో చేప తలలే తప్ప ముక్క పడటం లేదు.

ఊరు ఆలోచించింది. పరాయివాడికి మనవాళ్లెవరూ ఇల్లు చెప్పరు. మరి ఇంతమంది పరాయివాళ్లకి ఇన్ని చిరునామాలెలా తెలిశాయి? అన్ని చిరునామాలూ తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. పోస్టుమేన్ అడ్రసులమ్ముకున్నాడు.

ఆ మాట ఎవరూ అతని మొహం మీద అనలేదు. అంతకంటే ఘోరమైన పని చేశారు. మర్యాద ఇవ్వడం మొదలుపెట్టారు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ "ఒరే బావా" అని పిలిచిన ఎదురింటి బైరాగి ఒక పొద్దున్న "కూర్మారావు గారూ, బాగున్నారా" అన్నాడు. కూర్మారావు తన వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. కొళాయి దగ్గర అతని భార్య మోహినికి ముందుకి రమ్మని దారిచ్చారు. పొద్దున్నే బిందెల కోసం పోట్లాడటానికి నోరు సిద్ధం చేసుకుని వెళ్లిన మనిషి, ఒక్క మాటా వాడకుండా నీళ్లు పట్టుకొచ్చి, గడపలో దించి, మనల్ని వెలేశారని చెప్పింది.

కూర్మారావు కాశీబుగ్గ వెళ్లాడు. అక్కడ జీడిపప్పు బట్టీల వాసన మధ్య అతని తమ్ముడి కూతురు భవ్యశ్రీ ఇంటర్నెట్ సెంటర్ నడుపుతుంది. ఇద్దరు పిల్లల్ని బడికి తోలి, వచ్చినవాళ్లని తిడుతూ వాళ్ల సర్టిఫికెట్లు ప్రింటు తీసే మనిషి. ఆమె పెదనాన్న గోడు విని, ఆ ఉత్తరాల పేజీ తెరిచి చూపించింది. ప్రతి ఉత్తరం కిందా రాసినవాళ్ల అడ్రసు నిక్షేపంగా ఉంది.

"ఎవలూ అమ్మలేదు పెదనాన. నువ్వే దండెం మీద ఆరేసినావు" అంది.

ఇంటర్నెట్‌లో అడ్రసుల కోసమే తిరిగే యంత్రాలుంటాయనీ, అవి పేజీ తరవాత పేజీ తొక్కుకుంటూ పోతాయనీ వివరించింది. జీడితోటలో పిక్కలేరేవాళ్లు చెట్టెవరిదని చూస్తారా, పిక్కలా కనబడిందల్లా బుట్టలో వేస్తారు. ఇవీ అంతే, అడ్రసులా కనబడిందల్లా ఏరుకుంటాయి, అమ్ముకునేది ఆ ఏరినవాడు. ఒక్క టిక్కు పెడితే అడ్రసులన్నీ మాయమైపోతాయని కూడా చెప్పింది.

మరి సోంపేటవాడు ఆ పాత ఉత్తరం చదివి మీ పెద్దతల్లి పెద్దమ్మని గంజి పలచగానా చిక్కగానా అని అడగాలంటేనో అన్నాడు కూర్మారావు. అడగలేడంది భవ్యశ్రీ. అది కాపలా కాదు, పోస్టాఫీసు మూసెయ్యడమన్నాడు. చివరికి ఊరిని ఊరు ఎలా కాపాడుకుంటుందో అలాగే కాపాడాలన్నాడు. అడ్రసు చోట ఒక బొత్తాం. అది నొక్కితే నాలుగు ప్రశ్నలు. మీదే ఊరు? ఎవరి తాలూకు? ఎవరు పంపారు? ఏం పని? జవాబులు కూర్మారావుకి వస్తాయి. అతను చదివి, మనిషని తేలితే అడ్రసు పంపుతాడు, తేలకపోతే లేదు.

భవ్యశ్రీ నవ్వకుండా చేసిపెట్టింది. దాని పేరు ఇంగ్లీషులో ఇంకేదో ఉందనీ, అక్కడ బస్సుల బొమ్మలూ సిగ్నల్ లైట్ల బొమ్మలూ ఏరమంటారనీ, ఇదే నయమనీ అంది.

కూర్మారావుకి మళ్లీ యూనిఫారం వేసుకున్నట్టుంది. పొద్దున్నే స్నానం చేసి, కళ్లజోడు తుడుచుకుని, అరుగు మీద ఫోనుతో కూర్చునేవాడు. చెత్త ఉత్తరాలు తగ్గుతూ వచ్చాయి. ఊరు దీన్ని కనిపెట్టి మెచ్చుకుంటుందని ఎదురుచూశాడు. ఊరికి వేరే కష్టం వచ్చింది. మొక్కలమ్మే ఇచ్ఛాపురం మనిషి అడ్రసు కోసం బైరాగి బొత్తాం నొక్కాడు. "మీరడిగిన వివరములు" అని ఎంతో మర్యాదగా మొదలుపెట్టి, మొదటి ప్రశ్న దగ్గరే మర్యాద తెగిపోయి ఇలా రాయించాడు:

"ఏ ఊరేటి నీ మొకం. నీ ఇంటెదురిల్లు. ఎవలి తాలూకో తెలీదేటి, నిన్న మీ ఆడోలు నా ఇంటికొచ్చి అల్లం అట్టుకెల్లినప్పుడు అడక్కపోనావా? బేగి ఇయ్యి."

కూర్మారావు దీన్ని రెండుసార్లు చదివి తిరగ్గొట్టాడు. నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. రూలు రూలే. పైగా వీధిలో తనని మీరు అని పిలిచిన మనిషి మీద కొంచెం కోపం కూడా ఉంది. పెద్దతల్లి ఎవరి అడ్రసో అడిగి, "ఎవలి తాలూకా? నీ పెల్లిపందిరికి మామిడాకులు కట్టినదాని తాలూకు" అని రాయించింది. అదీ తిరగ్గొట్టాడు. మందస నుంచి ఒకాయన జవాబులేమీ రాయకుండా, ముందు నువ్వెవడివి చెప్పమన్నాడు. ఉద్దానం మనిషి ప్రశ్నకి జవాబు చెప్పడు, ఎదురు ప్రశ్న వేస్తాడు. అది తెలిసి కూడా, తెలియని ఆఫీసరులాగా కూర్మారావు ఒక్కొక్కరినీ గడప బయట నిలబెట్టాడు.

అలాంటి రోజుల్లో మణిదీప్ వచ్చాడు.

"పూజ్యులైన మావయ్య గారికి పాదాభివందనములు. మాది మందస. మా అమ్మగారి పేరు సన్యాసమ్మ. ఆవిడ మీకు వరుసకు చెల్లెలవుతారు, వారే నన్ను మీ వద్దకు పంపినారు. పెద్దతల్లి గారు గంజి గురించి వ్రాసిన అమూల్యమైన లేఖ చదివి, వారి సలహా పొందగోరి ఈ విన్నపము చేయుచున్నాను. మీ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నవి?"

కూర్మారావుకి కళ్లు చెమర్చాయి. ఊళ్లో ఒక్కరూ అతని మోకాళ్ల గురించి అడిగి ఎన్నాళ్లయిందో. మోకాళ్ల సంగతి ఈ కుర్రాడికెలా తెలిసిందన్న అనుమానం రాలేదు. తనే ఒకప్పుడు లిస్టులో కొబ్బరినూనె మర్దనా గురించి రాస్తూ తన మోకాళ్ల భాగవతమంతా విప్పాడని గుర్తు లేదు. మందసలో సన్యాసమ్మలు వీధికొకరుంటారు. ఏ సన్యాసమ్మ? కూర్మారావు పాత అలవాటు లేచి కూర్చుంది. చిన్నాయనమ్మ చెల్లెలి మనవరాలొకామె సన్యాసమ్మ. ఆమెని మందసే ఇచ్చారు. ఆమెకి కొడుకుండాలి. ఉండే ఉంటాడు. పేరు మణిదీపే అయ్యుంటుంది, ఈకాలం పిల్లలు కదా. సగం చిరునామాతో వచ్చిన ఉత్తరాన్ని వెనక్కి పంపని మనిషి, సగం మేనల్లుడిని మాత్రం ఎలా పంపుతాడు? తక్కిన సగం తనే పూరించి చేర్చుకున్నాడు.

పెద్దతల్లి అడ్రసిచ్చాడు. మర్నాడు కృతజ్ఞతలతో మరో విన్నపం వచ్చింది. బైరాగి గారి అనుభవం కూడా కావాలట. అదీ ఇచ్చాడు. మేనల్లుడికి కొబ్బరి మీద ఉన్న శ్రద్ధ చూసి ముచ్చటపడి, అడగకముందే కొన్ని ఇచ్చాడు.

వారం తిరక్కుండా ఊరందరి ఫోన్లలోనూ మణిదీప్ దిగాడు. ఒకరికి అత్తయ్య గారూ అని, ఒకరికి పెదనాన్న గారూ అని, వరసలు ఎక్కడా తప్పకుండా, పాదాలకి దండాలు పెడుతూ, కొబ్బరి కాపు మూడింతలు చేసే పొడి ఒకటుందనీ, ముందు సొమ్ము పంపితే చాలనీ రాశాడు. అంతకుముందు వచ్చిన చెత్త పరాయి చెత్త. ఇది చుట్టరికం కలుపుకుని వచ్చిన చెత్త.

బైరాగి కళ్లంలో అందరూ కూడారు. కాయ కోసి ఒలిచే రోజులు, ఒక పక్క కాయల గుట్ట, ఒక పక్క పీచు గుట్ట. కూర్మారావు వచ్చేసరికి జనం కొందరు గుట్ట మీద, కొందరు నేల మీద ఉన్నారు. మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. కూచోండి కూర్మారావు గారూ అన్నాడు బైరాగి. కళ్లం మొత్తానికి అదొక్కటే కుర్చీ. కూర్మారావు అందులో కూర్చున్నాడు, ముల్లు మీద కూర్చున్నట్టు.

అడ్రసులమ్మింది నిజమేనా అని మొదటిసారి నోరు తెరిచి అడిగారు. మొదటిసారి వచ్చిన చెత్తకి తను బాధ్యుడు కాదని చెప్పొచ్చు. యంత్రాలూ, దండెమూ, పిక్కలేరడమూ చెప్పొచ్చు. భవ్యశ్రీ మాటలన్నీ వరసగా కంఠతా పట్టుకునే వచ్చాడు. కానీ వాటి వెనకాల మణిదీప్ నిలబడి ఉన్నాడు. అడ్రసుల మీద అడ్రసులు తన చేత్తో ఇచ్చాడు.

"అమ్మలేదు. ఇచ్చినాను. ఊరికినే ఇచ్చినాను, మేనల్లుడని" అన్నాడు.

ఎవడా మేనల్లుడని అడిగారు. కూర్మారావు ఫోను తీసి మణిదీప్ ఉత్తరం చదివాడు. పూజ్యులైన దగ్గర మొదలుపెట్టి మోకాళ్ల దాకా చదివాడు. ఆ మర్యాదకి కొందరు తెలియకుండానే సర్దుకుని కూర్చున్నారు. ఇది ఏ సన్యాసమ్మ కొడుకో చెప్పమన్నాడు కూర్మారావు. ఒకరు కోనేటి వీధి సన్యాసమ్మన్నారు, ఆమెకి కూతుళ్లేనన్నారు మరొకరు. ఇంకెవరో రథం వీధి ఆమె అన్నారు, ఆమె పెళ్లే చేసుకోలేదు. మందస సన్యాసమ్మలందరూ అయిపోయారు గానీ కుర్రాడు ఎవరి కడుపునా పడలేదు.

మరి మాకెందుకు ఇవ్వలేదు, మేం మనుషులం కామా అని బైరాగి అడిగాడు, ఇంకా మీరు అంటూనే. కూర్మారావు, మీరంతా రాసినవేమిటో మీరే వినండి అని ఇంకో ఉత్తరం బయటికి తీశాడు. పేరు చెప్పకుండా చదివాడు. "ఏ ఊరేటి నీ మొకం" అనేసరికే కళ్లం పగలబడి నవ్వింది, అందరి తలలూ బైరాగి వైపు తిరిగాయి. అల్లం దగ్గరికి వచ్చేసరికి బైరాగి భార్య కూడా, ఎన్నాళ్లకో, మొగుడి వైపు చూసి నవ్వింది. పెళ్లిపందిరి మామిడాకులు చదివితే ఎవరో వెనకనుంచి పెద్దతల్లీ అని కేకేశారు.

కూర్మారావు చదవడం ఆపేశాడు. నాలుగు ప్రశ్నలకీ తప్పు లేకుండా జవాబిచ్చినవాడు ఎవరో ఇంతమందిలో ఒక్కరికీ తెలియలేదు. ఒక్క ప్రశ్నకీ జవాబివ్వనివాడు ఎవరో మొదటి మాటకే తెలిసిపోయింది. గడప దగ్గర నిలబెట్టి తను వినాల్సింది జవాబు కాదు, విసుగు. సొంతవాణ్ణి నువ్వెవరని అడిగితే పుట్టే విసుగు. అది పరాయివాడికి రాదు, యంత్రానికి అసలే రాదు.

ఈ మాట అతను పైకి చెప్పే లోపలే పెద్దతల్లి అందుకుంది.

"మరిదీ, నీకు బుద్దుందేటి? మన గుంటలెవలైనా నీకు పాదాలకి దండం ఎట్టినారా ఎప్పుడైనా? ఎట్టినాడంటే సొమ్ముకే గదా."

"మోకాళ్లడిగినాడు వదినా."

"ఎదురింటోడు అడగలేదని పరాయోడికి సూపించినావా మోకాళ్లు." ఆమె కాయల గుట్ట మీంచి దిగి అందరి వైపూ తిరిగింది. "అమ్మినాడంతన్నారు ఈన్ని. సూడండి మొకం. అమ్మడం సేతనైనోడి మొకమేనా ఇది?"

జనం పరిశీలనగా చూశారు. నిజమే. మేనల్లుడంటే ఊరికే ఇచ్చే మొహమే. ఊరికి అనుమానం తీరడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేకపోయింది. అబద్ధమాడే మనిషైతే ఇంత తెలివితక్కువ కథ చెప్పడు కదా. మణిదీప్‌కి తనింకా సమాధానాలు రాస్తున్నాననీ, కుర్రాడు మాట తప్పకుండా రోజూ పలకరిస్తాడనీ, గంజి గురించి మాత్రం అడిగినదే మళ్లీ అడుగుతాడనీ పెద్దతల్లే ఆ ఊపులో ఒప్పుకుంది. పండక్కి రమ్మని పిలిస్తే ఒక్క పిలుపుకే వస్తానన్నాడట. మనవాడైతే మూడు పిలుపులకైనా కదలడు. అప్పుడే తనకి అనుమానం తగిలిందట, అయినా పోనీలే పాపమని ఊరుకుందట.

బైరాగి కుర్చీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"లెగరా బావా. ఆ కుర్సీ మా అల్లుడికి కొన్నది. కింద కూకో."

కూర్మారావు లేచి పీచు గుట్ట పక్కన నేల మీద కూలబడ్డాడు. ఎవరో భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరగమని తోశారు. బాగా గట్టిగా తోశారు.

ఆనాటి నుంచి రూలు మారింది. ప్రశ్నలు అవే నాలుగు. వివరంగా, వినయంగా జవాబిచ్చినవాళ్లకి అడ్రసు రాదు. తిట్టినవాళ్లకి వస్తుంది. ఎంత దగ్గరివాళ్లయితే అంత ఘాటుగా తిడతారు కనుక పోల్చుకోవడం కూడా తేలిక. దీనివల్ల నష్టం లేకపోలేదు. కొబ్బరి తెగుళ్ల మీద పుస్తకం రాస్తున్నానని ఒక పెద్దమనిషి చాలా సౌమ్యంగా విన్నపాలు పంపుతూనే ఉన్నాడు. మంచివాడే అయ్యుంటాడు. కానీ ఇంతవరకూ ఒక్క కసురు కూడా రాలేదాయన నుంచి, కూర్మారావు ఏం చేయగలడు? ఇక మణిదీప్‌ని పొమ్మనలేదు. అతని ప్రతి విన్నపానికీ మీదే ఊరు, ఎవరి తాలూకు అని తిరిగి అడుగుతాడు. అతను ప్రతిసారీ మొదటిసారి అడిగినంత ఓపికగా చెబుతాడు. వాడు ఇక్కడ జవాబులు చెప్పుకుంటున్నంతసేపూ ఇంకో ఊరి మీద పడడు కదా అని కూర్మారావు లెక్క.

మోహిని కొళాయి నుంచి రేగిన జుట్టుతో, సొట్టపడిన బిందెతో వచ్చి, అరుగు మీద మొగుడి పక్కన చతికిలబడింది. ఆ రోజు వచ్చినవి చదవమంది. అతను చదివాడు. ఒకరు కళ్లు దొబ్బాయా అన్నారు, ఒకరు నీ పింఛను తగలెయ్యా అన్నారు, బారువ నుంచి ఒకామె ఇక్కడ రాయడానికి వీల్లేని మాట రాయించింది.

"ఒక్కటీ మంచి మాట లేదేటి ఈటిల్లోన?" అంది మోహిని.

"అన్నీ మంచియే" అని, కూర్మారావు బారువామెకి ముందుగా అడ్రసు పంపించాడు.